అరచేతిలో పడ్డది తిండి కాదనుకున్నాను

రథసప్తమి వెళ్ళిన మర్నాడు, గురువారం, పొద్దున్న పదకొండుంపావుకి అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాటా ఎక్కాను. కాటా పక్కన కూర్చున్న కాంపౌండరు నా ముఖం కూడా చూడలేదు. హాలుకి అటు చివర రాసుకుంటున్న నర్సమ్మకి వినపడాలని "నూట నాలుగు!" అని కేక పెట్టాడు. కొబ్బరికాయల రాశి దగ్గర లెక్క అరిచినట్టు అరిచాడు. బెంచీల మీద కూర్చున్న జనమంతా తలలెత్తి చూశారు. అందులో ఒకాయన నన్ను గుర్తుపట్టాడు.

"ఏవండోయ్ వీర్రాజు గారూ! మా పెద్దాడి పెళ్ళికి మీరే కదండీ వండేరు? ఆ పనసపొట్టు కూర గురించి మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారండి."

కాటా మీద నిలబడ్డ మనిషితో పనసపొట్టు కూర గురించి మాట్లాడటం మర్యాద అనుకుంటారు మా కోనసీమ వాళ్ళు. ఆయ్ అన్నాను. ఇంకేమంటాను?

నేను పెళ్ళిళ్ళకీ దినాలకీ వండేవాణ్ణి. ఇప్పుడు ఒళ్ళు తగ్గిన మనిషిని. ఎలా తగ్గేరు, మనసు ఎలా నిలబెట్టుకున్నారు అని జనం ఇంటికొచ్చి మరీ అడుగుతున్నారు. అడిగిన ప్రతివాడికీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని రాస్తున్నాను. మనసు నిలబడలేదు. ముందే చెప్పేస్తున్నాను. తియ్యటి మాటలు కావాల్సినవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యొచ్చు.

నా జబ్బు హెర్నియా. బరువైన గుండిగలు ఎత్తీ దించీ బొడ్డు పైన కండ విచ్చుకుని, అందులోంచి పేగు బయటికి తోసుకొచ్చింది. మొదట నిమ్మకాయంత ఉండేది. వేలితో నొక్కితే లోపలికి పోయేది. ఏళ్ళు గడిచేసరికి బత్తాయంత అయింది. అంతకుముందు కార్తీకంలో కొత్తపేటలో ఒక పెళ్ళి వంట చేస్తుండగా అది రాయిలా గట్టిపడిపోయింది. ఎంత నొక్కినా లోపలికి పోలేదు. నా కింద పనిచేసేవాళ్ళు నన్ను బియ్యం బస్తాల మీద పడుకోబెట్టారు. వాంతులయ్యాయి. పందిట్లో సన్నాయి మోగుతూనే ఉంది. చివరికి అదే మెల్లగా లోపలికి జారింది. లేచి మళ్ళీ గరిట పట్టుకున్నాను. కానీ ఆ బస్తాల మీద పడుకున్నప్పుడు పుట్టిన భయం మాత్రం లోపలికి పోలేదు.

డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, కాగితం పక్కన పెట్టేశారు.

"ఇప్పుడు ఆపరేషన్ చెయ్యను వీర్రాజు గారూ."

"అదేంటండి? మళ్ళీ ఇరుక్కుపోతే ఏమవుద్దండి?"

"పేగు చచ్చిపోతుంది. అప్పుడు ఎంత బరువున్నా కొయ్యాల్సిందే. బతకడం చావడం మీరెంత తొందరగా ఇక్కడికి చేరతారో దాన్ని బట్టి ఉంటుంది."

"మరయితే ఇప్పుడే కోసెయ్యండి బాబూ."

"ఇంత కొవ్వు మీద కుట్టు నిలవదు. మత్తివ్వడం కూడా ప్రమాదం. ఎనభై అయిదుకి దిగి రండి, చేస్తాను."

"దిగి రావడానికి ఇదేమన్నా మేడా అండి?"

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

పక్క గదిలో తిండి సంగతి చెప్పే అమ్మాయి ఉంది. చిన్న పిల్ల. రాయడం వచ్చా అని అడిగింది. వచ్చు, యాభై దాటాక మా అమ్మాయి దుర్గ నేర్పింది అన్నాను. అయితే నోట్లోకి ఏది వెళ్ళినా రాయండి బాబాయ్ గారూ అంది. దేనికెన్ని కేలరీలో అచ్చేసిన కాగితం ఇచ్చి, రోజుకి పద్నాలుగు వందలు దాటకూడదంది.

"కేలరీ అంటే ఏంటమ్మా?"

"తిండిలో ఉన్న నిప్పు అనుకోండి."

పొయ్యి ముందు బతికినవాడికి అంతకంటే చెప్పక్కర్లేదు. కాల్చకుండా వదిలేసిన కట్టె పెరట్లో పేరుకుపోతుంది. నా పొట్ట అలా పేరుకున్న కట్టె అన్నమాట.

ఫాల్గుణం అంతా ఇంట్లో యుద్ధమే. మా ఆవిడ మంగ చిన్న కాటా ఒకటి తెప్పించి, అన్నం తూచి పెట్టడం మొదలెట్టింది. పెళ్ళి పందిట్లో బస్తాల లెక్కన అన్నం వార్చిన చేతులకి చారెడు మెతుకులు. నేను ఇంట్లో ఉండగా ఆవిడ పోపు వెయ్యడం మానేసింది. ఊరమిరపకాయలు వేయించుకోవాలంటే పక్కింటికి వెళ్ళేది. ఒకరోజు ఆ వాసన గోడ దాటి వచ్చింది. ఆవిడ తిరిగొచ్చాక ఏమన్నానో రాయను.

"మీ రోగానికి నన్నెందుకండీ పస్తులు పెడతారు? నాకూ నాలుకుందండి" అంది.

అని, ఆ పూట తను కూడా తినలేదు. తినకుండా నా ఎదురుగా కూర్చుంది. కోపంతో కూర్చుందో జాలితో కూర్చుందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

మొదట్లో బరువు బాగానే దిగింది. అందరికీ దిగుతుంది. దాన్ని చూసుకుని మురిసిపోకండి.

ఆ నెలలోనే రాజోలు వెళ్ళాను, దుర్గని చూడటానికి. అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో దుర్గ, వాళ్ళ అత్తగారు సీతమ్మ గారు. ఆవిడ మంచి మనిషి. ఆ మంచితనంతోనే చంపేస్తుంది.

"ఏంటండి అన్నయ్య గారూ, కోడిపిల్ల తిన్నట్టు! మా ఇంట్లో తిండి లేదనుకుంటున్నారా?"

"లేదు చెల్లెమ్మ గారండి, డాక్టరు గారు వద్దన్నారు."

"డాక్టరు ఇక్కడ లేడు కదండీ. ఒక్క బూరె."

"వద్దండి."

"ఒంటి బూరె పెట్టకూడదండి" అని రెండు పడేసింది. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి గిన్నె వంచింది. రెండు చేతులూ అడ్డం పెట్టాను. వేళ్ళ సందుల్లోంచి పోసింది. "నెయ్యి పొయ్యకపోతే అది బూరె ఎలాగవుద్దండి" అంటూనే పోసింది.

విస్తరి ముందు నుంచి లేచిపోయాను. మా వైపు ఇంతకంటే పెద్ద తప్పు లేదు. సీతమ్మ గారు చాలా రోజులు దుర్గతో సరిగ్గా మాట్లాడలేదట. దుర్గ ఫోన్ చేసి, "నాన్నా, అక్కడ నీ బరువు తగ్గుతోందేమో గానీ ఇక్కడ నా మర్యాద తగ్గిపోతోంది" అంది. నన్నేం చెయ్యమంటావే, తిని చావమంటావా అన్నాను. అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినపడింది. ఫోన్ పెట్టేశాను.

వైశాఖంలో పెళ్ళిళ్ళు ఊపందుకున్నాయి. పందిట్లో వంటవాడు తినడు. ఆఖరి బంతి లేచేదాకా పచ్చి మంచినీళ్ళే, అది మా పనిలో కట్టు. నేను ఆ తర్వాత కూడా తినకుండా మజ్జిగ తాగి ఇంటికొచ్చేవాణ్ణి. ఇక బరువు జారిపోతుంది చూసుకోమని మంగతో గొప్పగా చెప్పాను. నెల తిరిగాక కాటా ఎక్కితే తగ్గలేదు సరికదా, పెరిగింది.

ఆ చిన్న పిల్ల నేను రాసిన కాగితాలు తిరగేసింది. "బాబాయ్ గారూ, రాయకుండా ఏమన్నా తింటున్నారా?" అని మెల్లగా అడిగింది.

"అబద్ధాలు రాసేంత రాత నాకు రాదమ్మా" అని లేచి వచ్చేశాను.

నిజంగానే నేను అబద్ధం రాయలేదు. ఆ కోపానికి నాలుగు రోజులు ఏదీ లెక్క చూసుకోకుండా తిన్నాను. లెక్కకి లొంగనిదాన్ని లెక్కపెట్టడం ఎందుకు? ఏడ్చి ఎవడికి చెప్పుకోవాలి? చాలామంది ఇక్కడే మానేస్తారు. నేనూ మానేశాననే అనుకున్నాను.

"రేపు వంటకి నేనూ వస్తానండి" అంది మంగ, అంతే.

ఆ పెళ్ళి అమలాపురం పక్క ఊళ్ళో. నేల తవ్వి పేర్చిన గాడిపొయ్యి పక్కన ముక్కాలిపీట వేసుకుని, చేతిలో ఖాళీ గిన్నె పట్టుకుని కూర్చుంది. నేను పులిహోర ఉప్పు చూడటానికి చిటికెడు అరచేతిలో వేసుకున్నాను. ఆవిడ లేచి అంతే తీసి గిన్నెలో వేసింది. పప్పు చూశాను, వేసింది. పాకం వేలికి అంటించుకుని చూశాను, వేసింది. నా కింద చేసే నాగేశు పడీ పడీ నవ్వాడు. పాతికేళ్ళ నుంచీ నాతో ఉన్నవాడు.

"ఏంటండి అత్తయ్య గారూ, మావయ్య గారికి దిష్టి తీస్తున్నారా?"

"ఆయ్. నీకూ తీస్తాను, నీ వంతు రానీ" అంది మంగ.

పూర్ణం తీపి చూడాలి. వాయికొక బూరె తుంపి లోపల ఉడికిందో లేదో చూడాలి. పరమాన్నానికి ఏలకులు వేశాక ఒకసారి, నెయ్యి పడ్డాక ఇంకోసారి. జీడిపప్పు వేగిందో లేదో పంటి కింద పెట్టే తెలుసుకోవాలి. మధ్యాహ్నం బంతి వడ్డించే వేళకి మంగ గిన్నె నిండి, పైన గోపురం కట్టింది. పప్పూ, పాకం, పులిహోర, బూరె ముక్కలు, వంకాయ నూనె, పరమాన్నం అన్నీ కలిసిపోయి చూడటానికే రోతగా ఉంది.

ఆ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "తినండి. పొద్దుటి నుంచీ మీరేమీ తినలేదు కదా."

ఎవరూ నవ్వలేదు. నాగేశు కూడా.

నలుగురు కడుపు నిండా తినే తిండి అది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకు తెలిసింది ఒకటే: విస్తట్లో పడ్డది తిండి, అరచేతిలో పడ్డది పని. పనిని తిండి కింద ఎవడైనా రాస్తాడా? ఆ కాగితాల్లో నేను రాసిన ప్రతి ముక్కా నిజమే. లెక్క మాత్రం తప్పు.

నాకు సిగ్గు రాలేదు. కోపం వచ్చింది. ముందు మంగ మీద, తర్వాత నాలుక మీద. ఆ రోజు నుంచి రుచి చూడటం మానేశాను.

ఉప్పూ పులుపూ చూసే పని నాగేశుకి అప్పగించాను. "చెయ్యి నాది, నాలుక నీది" అన్నాను. "అలాగేనండి మావయ్య గారూ" అన్నాడు. వాడు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఒక్క చిటికెడు పడాలండి" అనేవాడు. నేను వేసేవాణ్ణి. వంటలు ఎప్పట్లాగే కుదిరాయి. ఒక్క పెళ్ళిలోనూ మాట రాలేదు.

బరువు దిగింది. ఈసారి ఆగకుండా దిగింది. మెడ కింద తోలు వేలాడింది. చొక్కాలు వేరేవాళ్ళవి తొడుక్కున్నట్టు అయ్యాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక ఖాళీగా ఉన్నప్పుడు చూసినవాళ్ళు ముఖం మీద ఏమీ అనలేదు. వెనకాల అన్నారు. వీర్రాజు గారికి పెద్ద జబ్బంటండి. తను వండింది తనే నోట్లో పెట్టుకోవట్లేదంటండి. మావాళ్ళకి వంటవాడంటే పొట్ట ఉండాలి. ఆ పొట్టే వాడి బోర్డు. బోర్డు పీకేసిన కొట్టులోకి ఎవరు వస్తారు?

శ్రావణ మాసంలో కొత్తపేటలో ఒకరింట్లో పెళ్ళి ఉందని తెలిసింది. ఆ ఇంట్లో ముగ్గురి పెళ్ళిళ్ళకీ వంట నాదే. నాలుగోదానికి కబురు రాకపోతే నేనే వెళ్ళాను. పెద్దాయన కుర్చీ వేయించారు, మజ్జిగ ఇప్పించారు.

"ఏమీ అనుకోకండి వీర్రాజు గారూ. శుభమా అని పెళ్ళి చేసుకుంటున్నామండి. మీకా, ఒంట్లో బాలేదాయె. మీరు విశ్రాంతి తీసుకోండి. నాగేశు ఒప్పుకున్నాడండి."

మజ్జిగ తాగకుండా వచ్చేశాను. తిన్నగా నాగేశు ఇంటికి వెళ్ళాను. వాడు అరుగు మీద కూర్చుని అంట్లపొడితో జల్లిగరిట తోముకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదకి లోటేం లేదు.

"ఎప్పటి నుంచిరా?"

"వాళ్ళే వచ్చి అడిగేరండి. మీకు చెబుదామనే అనుకున్నానండి."

"నా ఇళ్ళురా అవి. నా పేరు మీద వచ్చే వంటలు."

వాడు గరిట కింద పెట్టాడు. తలెత్తకుండానే, మెల్లగా అన్నాడు. "మావయ్య గారండి, మీరు రుచి చూడట్లేదు. చూసేది నేను. మరి ఆ వంట ఎవరిదండి?"

నా అరచేతిలోంచి తీసి నాలుక మీద వేసుకుని రుచి నేర్చుకున్నవాడు వాడు. తప్పు మాటేమీ అనలేదు. అందుకే క్షమించలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంగ లేదు. వరలక్ష్మీ వ్రతానికని నలుగురైదుగురు ఇచ్చిపోయిన ప్రసాదాలు బల్ల మీద ఉన్నాయి. పులిహోర, శనగలు, బూరెలు. నిలబడే తిన్నాను. ఏ గిన్నెలోనూ ఏమీ మిగల్చలేదు. ఆఖరి బూరె గొంతు దిగుతుండగా పొట్టలో పేగు ముడిలా బయటికి తన్నుకొచ్చి గట్టిపడింది. నేల మీద వెల్లకిలా పడుకున్నాను. మంగ వచ్చి గిన్నెల వంక చూసింది, నా వంక చూసింది. పక్కన కూర్చుని, రెండు అరచేతులూ ముడి మీద ఆనించి అలాగే పట్టుకుంది. ఆటో పిలవనా అంది. కాసేపు చూద్దామన్నాను. మీరెవరూ ఆ కాసేపు చూడకండి. వెంటనే ఆటో పిలవండి. నా అదృష్టం బాగుండి అది లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్న తిన్నదంతా రాశాను. మీరు అడిగే ఉత్సాహం, పట్టుదల, అవేమీ లేవండి. భయం ఉన్న రోజు భయంతో మానాను. భయం చల్లారిన రోజు నాగేశు మీద కోపంతో మానాను. కోపం కూడా లేని రోజుల్లో ఊరికే మానాను, మంగ తూచి పెట్టింది కాబట్టి. జారిపడ్డ రోజుని పక్కన పెట్టి మర్నాడు మళ్ళీ రాయాలి. అంతకుమించి నాకు ఏ మంత్రమూ తెలియదు. చెబుతామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

ఒక్క మంచి మాట మాత్రం రాయాలి. ఆసుపత్రిలో ఆయాగా చేసే అన్నమ్మ అనే ఆవిడ, నేను కాటా దగ్గర తలొంచుకుని నిలబడటం ఎన్నిసార్లు చూసిందో, ఒకరోజు చెయ్యి పట్టుకుని లోపలి వార్డుకి తీసుకెళ్ళింది. అక్కడ ఇంకో కాటా ఉంది. "ఇక్కడ ఎవరూ అరవరండి" అంది. ఆ రోజు నుంచి అక్కడే. అంకె చూసి నా చెవిలో చెప్పేది. తగ్గని రోజున, "ఒక్కోరోజు కాటాకి కూడా అలకొస్తాదండి" అనేది. అంతకంటే పెద్ద మందు ఆ ఆసుపత్రిలో నాకెవరూ ఇవ్వలేదు.

కార్తీకంలో ఎనభై అయిదుకి దిగాను. "సాధించారు" అని డాక్టరు గారు చెయ్యి కలిపారు. ఆపరేషన్ అయింది, కుట్టు నిలిచింది. ఇక జన్మలో బరువు ఎత్తకూడదన్నారు. ఎత్తమని పిలిచేవాళ్ళు కూడా లేరనుకోండి. ఇప్పుడు మంగకి వండి పెడదామని చూస్తున్నాను. ఇద్దరికి వండటం నాకు రాదు. అయిదు వందల మందికైతే వచ్చు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. ఆవిడ మాట్లాడకుండా తింటుంది.

నా చేతి వంట తినని ఇల్లు కోనసీమలో వెతికితే గానీ దొరకదు. ఆపరేషన్ నాడు సోమవారం, పొద్దున్న ఏడింటికి నన్ను లోపలికి తోసుకెళ్ళారు. ఆ రోజు మంచి ముహూర్తం, ఊరూరా పెళ్ళిళ్ళు. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను. మా ఆవిడ మంగ. రాజోలు నుంచి మొదటి బస్సుకి వచ్చిన మా అమ్మాయి దుర్గ. దాని వెంట, పిలవకపోయినా వచ్చిన సీతమ్మ గారు. తనకి సెలవు రోజైనా డ్యూటీ తెల్ల చీర కట్టుకుని వచ్చిన ఆయా అన్నమ్మ. నా వంట బ్యాచి మొత్తంలోంచి ఒకే ఒక్కత్తి, కూరలు తరిగే పోలమ్మ. అంతే.